ఆ శనివారపు గాలి

మన మహబూబాబాద్ జిల్లా గూడూరు నుండి కొత్తగూడ, గంగారం దాటి అడవిదారిన పోతే ములుగు జిల్లా తాడ్వాయి వస్తుంది. మేడారం అక్కడికి దగ్గరే గనుక ఆ అడవిని మన ప్రాంతంలో చూడని వారు తక్కువ. 2024 ఆగస్టు 31, శనివారం సాయంత్రం, ఆ అడవిలో 50 వేలకు పైగా చెట్లు నేల కూలాయి. కొన్ని వేళ్లతో సహా పెకలిపోయాయి, కొన్ని నడిమికి విరిగాయి. గాలి వేగం గంటకు 130, 140 కిలోమీటర్లు ఉండవచ్చునని అధికారులు అంచనా కట్టారు.

అది టోర్నడో అన్నవారున్నారు. టోర్నడో అంటే మేఘం నుండి తొండంలాగా నేలకు దిగి గిర్రున తిరిగే సుడిగాలి. మరొక రకం గాలి ఉన్నది. ఉరుముల మేఘంలోని చల్లని, బరువైన గాలి ఒక్కసారిగా కిందికి పడి, బిందెడు నీళ్లు వాకిట్లో గుమ్మరించినట్లు నలువైపులకు చిమ్ముతుంది. తాడ్వాయి విషయంలో ఈ రెండు మాటలూ వినబడ్డాయి. ఇంటి పైకప్పుకు మాత్రం ఆ తేడా తెలియదు. బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతం మీద పడిన టోర్నడో దాదాపు 1300 మందిని పొట్టన పెట్టుకున్నది.

తాడ్వాయి గాలి ఊళ్ల మీద పడలేదు. దేవుడు కాపాడాడని మనం అన్నాము. సమ్మక్క సారలమ్మల చలువ అని మేడారం వైపువారు అన్నారు. కృతజ్ఞతతో అన్న మాట ఎవరిదైనా తప్పు పట్టవలసిన పని లేదు. అయితే అదే రాత్రి, అదే వాన మన జిల్లాలో ఆకేరు వాగును పొంగించింది. మరిపెడ మండలం సీతారాం తండావారు మిద్దెలెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. వాగు దాటబోయిన కారు వరదలో పోయి ఒక తండ్రి, ఆయన కూతురు చనిపోయారు. ఆ ఇంటి వాకిట్లో నిలబడి, "దేవుడు మమ్మల్ని కాపాడాడు" అని గట్టిగా అనగలమా? కాపాడబడనివారి సంగతి ఏమిటని వారు అడిగితే మన దగ్గర ఏమున్నది?

యోబు పిల్లలు చనిపోయినది కూడా పెనుగాలికే. ఇంటి నాలుగు మూలలను కొట్టిన గాలి అది. అతని ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేలమీద అతని పక్కన ఊరకే కూర్చున్నారు. నా మట్టుకు నాకు వారు చేసిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది. నోరు తెరిచి, నీ పాపమేదో ఉండి ఉంటుందని మొదలు పెట్టాకనే చిక్కు వచ్చింది. మన పరామర్శలలో ఆ ఏడు రోజుల ఓపిక ఎందరికి ఉన్నదో ఎవరికి వారు చెప్పుకోవాలి.

నోటికంటె చేతులకు పని ఎక్కువ ఉంటుంది. ఆకేరు కలిసే మున్నేరు మీద, ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన పైన, ఆ ఆదివారమంతా తొమ్మిదిమంది చిక్కుకున్నారు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు బండిని వరదలోనే నడుపుకుంటూ పోయి వారిని తెచ్చాడు. ఆయన ఎవరు, ఏ మతమువాడని వంతెన మీద ఎవరూ అడిగి ఉండరు.

దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 కూడా శనివారమే. ఆ ఒక్క ఉప్పెనలో సుమారు 10 వేలమంది పోయారని ప్రభుత్వ లెక్క, అంతకు మించి అని చెప్పేవారూ ఉన్నారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావుగారు ప్రజల మధ్యనే ఉండి సహాయం నడిపించారు. సంఘాల తరఫున కాసా సంస్థ పని చేసింది. పాలకాయతిప్పలో ఈనాడు పాఠకులు పంపిన డబ్బుతో, రామకృష్ణ మిషన్ వారి చేతుల మీదుగా 112 పక్కా ఇండ్లు లేచాయి. బియ్యం, దుప్పట్లు పంచిన సంగతి చాలామంది మరిచారు గాని, తీరం పొడుగునా వెలసిన తుపాను రక్షణ భవనాలు నిలిచాయి. మామూలు రోజుల్లో వాటిలో బడి నడిచేది. 1990 మేలో దాదాపు అంతటి తుపానే వచ్చింది. ముందుగానే ఆరు లక్షలకు పైగా జనాన్ని తరలించారు. మృతులు వెయ్యిలోపే.

తుపాను రెండు మూడు రోజుల ముందు కబురు పంపుతుంది. మన వైపు ఎండకాలపు గాలిదుమారం పది నిమిషాలు కూడా ఇవ్వదు. చెట్టు కింద నిలబడవద్దు, రేకులు లేచే ఇంట్లో ఉండవద్దు, స్లాబు వేసిన గదిలో కిటికీలకు దూరంగా కూర్చోవాలి. అందులో కష్టమేమీ లేదు. ఊరిలో ఆ గది ఏదని ముందే అనుకోవడమే మనం చేయని పని. మన మందిరాలు చాలావరకు రేకులవే. అటువంటి చోటికి, ప్రార్థనకైనా సరే, ఆ సమయంలో జనాన్ని పిలవకూడదు. బడి స్లాబుదైతే అక్కడికే పోవాలి.

గాలి పోయాక తహసీల్దారుగారి మనుషులు నష్టం జాబితా రాస్తారు. పట్టా లేని కౌలురైతు, ఒంటరిగా ఉండే ముసలమ్మ, మిరప ఏరడానికి వలసపోయి తాళం వేసిన ఇల్లు, ఇవే అందులో తప్పిపోతుంటాయి. చదువుకున్న యౌవనులు ఇద్దరు వారి వెంట ఇంటింటికి తిరిగితే చాలు. మరొక సంగతి చెప్పడానికి బాధగానే ఉన్నది. 2024 వరదలలో మృతుల కుటుంబాలకు ఇచ్చే సహాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 4 లక్షల నుండి 5 లక్షలకు పెంచింది. పంచనామా, పోస్టుమార్టం కాకముందే తొందరపడి సమాధి చేస్తే అటువంటి సహాయం అందడం కష్టమవుతుంది. ఆ గంటలో ఈ మాట కుటుంబంతో మెల్లగా చెప్పగలిగినవారు సంఘ పెద్దలే.

ఇక తాళంచెవి. మందిరానికి స్లాబు ఉన్నదే అనుకుందాం. తాళంచెవి పాస్టరుగారి దగ్గర ఒక్కటే ఉండి, ఆ సాయంత్రం ఆయన మరొక ఊరి కూటానికి పోతే? రెండవది చేయించి, మందిరానికి అన్నిటికంటె దగ్గరగా ఉన్న ఇంట్లో పెట్టండి. ఆ ఇల్లు మన సంఘంవారిది కాకపోయినా సరే.