ఆనందం కూడా ఆజ్ఞే!

ఏటా దసరా సెలవుల్లో మేము హిందూపురం, ధర్మవరం కూటాలకే తిరిగేవాళ్లం. "నాన్నా, మాకు ఒక్కరోజైనా లేదా?" అని మా అమ్మాయి అడిగితే తలదించుకున్నాం.

పంట ఇంటికొచ్చాక జరిగే పర్ణశాలల పండుగలో కొడుకులు, కూతుళ్లు, పరదేశులు, విధవరాండ్రతో కలిసి సంతోషించాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఇచ్చాడు (ద్వితీయోపదేశకాండము 16:14). ఇంటివారితో ఆనందించడమూ విధేయతే!

అందుకే ఈసారి పెనుకొండ కొండెక్కాం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధానియైన కోట అది. ఆ గోడల నీడలో ఉడికించిన వేరుశనక్కాయలు తిన్నాం. మర్నాడు అందరం కలిసి ఇంటికి సున్నం వేశాం. పొరుగున ఒంటరిగా ఉంటున్న అవ్వను భోజనానికి పిలిచాం.

ధర్మవరం మగ్గంపై పడుగు ఒక్కటే ఉంటే చీర కాదు, పేక కూడా పడాలి. సేవ పడుగైతే కుటుంబం పేక. ప్రియులారా, మీ ఇంట ఆ పోగు తెగిందా? ఈ వారమే ముడివేయండి.