వేటజాతి కుక్కలకు వడదెబ్బ

మృగశిర కార్తె తొలివాన పడిన మరునాటి ఉదయమున మా సంఘసభ్యులలో ఒకరి కుక్క చనిపోయినది. అది రాజపాళయపు జాతిది. తెల్లని మేను, సన్నని నడుము, మూడేండ్ల ప్రాయము. చెరకుతోట గట్టున కట్టియుండగా పందుల అలికిడి విని, గొలుసు తెంచుకొని వానివెంట పరుగెత్తి, అరగంటకు తిరిగివచ్చి పంపుషెడ్డు వాకిట తూలి పడిపోయినదట. అప్పటికి ఉదయము ఏడు గంటలైనను కాలేదు. ఆకాశము మబ్బు పట్టియుండెను. మృగశిర కురిసిన ముంగిళ్ళు చల్లబడునను సామెతను నమ్మినవారగుటచే ఇంటివారికి వడదెబ్బ యను తలంపే కలుగలేదు. పాము కరచినదని కొందఱు, పురుగుమందు నాకినదని కొందఱు అనిరి. తుదకు దానిని తడిగోనెలో చుట్టి, ఆటోలో వేసికొని, ఇరువది కిలోమీటర్ల దూరముననున్న పశువైద్యశాలకు కొనిపోయిరి. అచటికి చేరునప్పటికి ప్రాణము లేదు. గోనె విప్పిచూడగా దేహము మాత్రము పొయ్యిమీది కుండవలె కాలుచుండెనని యజమాని మాతో చెప్పెను. ఆయన కోరికపైననే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాట. వేటజాతి యన్నంత మాత్రమున వేటకు బోవుమని మేము చెప్పుచున్నామని చదువరులు తలపరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిజంతువులపై కుక్కలను ఉసికొల్పి తరుముటయు వేటక్రిందికే వచ్చును. కాని జాతి మిగిలియున్నది. తమిళదేశమునకు వలసపోయిన తెలుగు రాజులు పెంపుచేసిరని ప్రసిద్ధిగల రాజపాళయపు కుక్కలును, కర్ణాటకమునందలి ముధోల్ కుక్కలును, సీమనుండి వచ్చిన లాబ్రడార్లును నేడు మన తోటలకు, కళ్ళములకు కావలి కాయుచున్నవి. వీనిలో మొదటి రెండు జాతుల బొమ్మలతో మన తపాలాశాఖ 2005లో బిళ్ళలు సయితము వెలువరించినది. వాని నెత్తుటిలోని పరుగు మాత్రము ఏ చట్టముతోను పోవునది కాదు. ఎద్దు అలసినచో కాడి క్రింద కూలబడును. ఎంత అదలించినను లేవదు. వేటకుక్క అట్లు కాదు. ఎదుట పరుగెత్తునది కనబడుచున్నంతవరకు అది తన యలసట నెఱుగదు. దానిని ఆపవలసినవాడు యజమాని యొక్కడే.

పరుగెత్తునప్పుడు కండరములు ఖర్చుచేయు శక్తిలో నాలుగింట మూడువంతులకు పైగా వేడిగా మారును. ఆ వేడి వెలికి పోవలెను. మనకైనచో ఒడలంతయు చెమట పట్టి, అది ఆరుటచే చల్లబడుదుము. కుక్కకు చెమట పట్టు చోట్లు పాదముల మెత్తలయందే కలవు. అవి లెక్కకు రావు. అది నోరు తెఱచి రొప్పుచు, నాలుకమీదను, నోటిలోను, ముక్కులోపలను గల తడిని గాలికి ఆరబెట్టుకొని చల్లబడును. ఇక్కడనే మృగశిర మోసముచేయును. వానాకాలమున ఆరవేసిన పంచె సాయంకాలమునకైనను ఆరదుగదా! గాలిలో తేమ నిండియున్నప్పుడు కుక్కనాలుకమీది తడియు అట్లే ఆరదు. ఎంత రొప్పినను ఫలము లేదు సరికదా, రొప్పుటకై పడు శ్రమచేత మఱికొంత వేడి పుట్టును. కావున అనంతపురపు పొడి యెండలో నీడపట్టున నిలుకడగానున్న కుక్కకంటె, కృష్ణా గోదావరుల డెల్టాలో మబ్బు పట్టిన ఉక్క ఉదయమున పరుగెత్తిన కుక్కకే అపాయ మెక్కువ కావచ్చును. ఎండ లేదుగదా యని ధైర్యపడరాదు.

ఇది మన ఉష్ణదేశమునకే పరిమితమైన యాపదయని తలపరాదు. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రమున ఏటేట అక్టోబరునెలలో ఫెజంటు అను కోడిజాతి పక్షుల వేట ఆరంభమగును. 2003లో ఆ మొదటి రెండు దినములును కాలమునకు మించిన వేడిగా నుండుటచే నూఱుకు పైగా వేటకుక్కలు చనిపోయినట్లు అప్పటి పత్రికలు వ్రాసినవి. వేసవియంతయు ఇంట తిని పరుండిన కుక్కలను ఒక్కసారిగా పొలములలోనికి విడచిరి. వానికి శ్రమయు కొత్త, వేడియు కొత్త. బ్రిటనులోని పశువైద్యశాలల లెక్కలను పరిశీలించి 2020లో ప్రకటించిన విషయము ఇంకను గమనింపదగినది. కుక్కల వడదెబ్బలలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు పరుగు, ఆట మొదలగు శ్రమవలన కలిగినవే గాని, ఎండలో నిలిపిన కారులో మూసియుంచుటవలన కలిగినవి కావట.

ఇక గుర్తుపట్టుట యెట్లు? ఆరోగ్యముగానున్న కుక్కకు ఒంటివేడి 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉండును. 106 దాటినచో అపాయమని పుస్తకములు చెప్పును. అయినను అంకె నొక్కదానినే నమ్మరాదు. బాగుగా నలవడిన లాబ్రడారు పది నిమిషములు పరుగెత్తిన పిమ్మట దానికి 106 పైగా వేడి యుండుట శాస్త్రజ్ఞులు పలుమార్లు చూచియున్నారు. అది తోక యాడించుచు మరల ఆటకు రమ్మనునేగాని దానికే జబ్బును లేదు. కావున చూడవలసినది దాని తెలివి. పేరుపెట్టి పిలిచిన తల త్రిప్పుచున్నదా? నడక తిన్నగా నున్నదా? నాలుక వెడల్పై, కొస గరిటెవలె వంగి, ఎఱ్ఱగా వ్రేలాడుట, నీడకు తీసికొనిపోయినను రొప్పు తగ్గకుండుట, చొంగ చిక్కపడుట మొదటి గుర్తులు. వెనుకకాళ్ళు తడబడినను, చూపు శూన్యమైనను ఇక ఆలోచించుటకు వేళ లేదు. వాంతి, నెత్తురు విరేచనము, మూర్ఛ అటుపిమ్మట వచ్చును.

అప్పుడు మొట్టమొదట చేయవలసినది వైద్యునికొఱకు పరుగెత్తుట కాదు, ఉన్నచోటనే చల్లార్చుట. ముందు చల్లార్చి, పిమ్మట తరలింపుమని నేటి పశువైద్యుల మాట. మా సభ్యుని కుక్క పడిపోయిన చోటికి నాలుగడుగుల దూరమున పంపు నీరు పోయుచుండెను. ఈ సంగతి ఆయనకు ఇప్పటికిని మఱపునకు రాదు.

పడుచుకుక్క యైనచో తొట్టిలోనో, పంటకాలువలోనో మెడవరకు దింపి, తల పైకి పట్టుకొని యుంచవలెను. ముసలిదానికిని, అంతకుముందే ఊపిరితిత్తుల జబ్బుగలదానికిని బాల్చీలతో ఒడలంతయు, ముఖ్యముగా పొట్టక్రిందను, తొడల సందులను, నీరు ఎడతెగక పోయుచు గాలి విసరవలెను. పైవెండ్రుకలు తడిసిన చాలదు, చర్మము తడియవలెను. మంచునీరు తగదని, దానిచే చర్మమునందలి నరములు ముడుచుకొని వేడి లోపలనే నిలుచునని వెనుకటి పుస్తకములలో కలదు. ఇటీవలి పరిశోధనలు ఆ భయమునకు ఆధారము లేదనుచున్నవి. ఏమైనను మంచుగడ్డ తెప్పించువరకు ఆగనక్కఱలేదు. మన బోరునీరు కుక్కమేనికంటె ఎంతయో చల్లన.

తడిగోనె మాట చెప్పవలసియున్నది. తడిబట్ట కప్పినచో చల్లబడునని మనవారందఱి నమ్మకము. ఆ బట్ట కొన్ని నిమిషములలో కుక్కవేడిచే తానే వెచ్చబడి, గాలి తగులనీయక కంబళివలె పనిచేయును. గాలి ఆడని బండిలో మఱియు నష్టము. అట్లే మూతి కట్టరాదు. బాధలో కఱచునను భయముచే తాడు బిగించినచో దానికున్న ఒక్క చల్లని త్రోవయు మూసినవారమగుదుము. తెలివితప్పినదాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. పారాసిటమాలు మాత్ర వేయుట మఱియొక పొరపాటు. ఇది జ్వరము కాదు. జ్వరపుమందు ఈ వేడిని దింపజాలదు. పైగా కాలేయమునకు హాని చేయును.

మనుష్యులకు వాడు డిజిటల్ థర్మామీటరే చాలును; ఆసనమున పెట్టి చూడవలెను. (దానిని కుక్కకొఱకు వేఱుగా నుంచుకొనుడని వేఱుగ చెప్పనక్కఱలేదు.) వేడి 103.5 డిగ్రీలకు దిగినతోడనే నీరు ఆపవలెను. దానంతట అది మఱికొంత దిగును. థర్మామీటరు లేనిచో రొప్పు నెమ్మదించి, కుక్క తెలివిగా చుట్టు చూచువరకు పోయవలెను. వణకు పుట్టినచో ఆపవలెను. పిమ్మట కిటికీలు తెఱచిన బండిలో వైద్యునికడకు కొనిపోవలెను.

లేచి నిలుచున్నదిగదా, ఇక వైద్యుడెందులకని ఇంట నుంచుకొనువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదము. ఆ కొద్దిసేపటి వేడికి ప్రేగుల పొర, మూత్రపిండములు, మెదడు దెబ్బతినియుండును. నెత్తురు గడ్డకట్టు గుణము చెడియుండును. ఆ ఫలము ఒకటి రెండు దినములకు బయటపడును. చిగుళ్ళమీదను పొట్టమీదను ఎఱ్ఱని చుక్కలు, నల్లని విరేచనము, కాఫీరంగు మూత్రము దాని గుర్తులు. ఇజ్రాయేలు దేశపు పశువైద్యులు 2006లో ప్రకటించిన వివరముల ప్రకారము, వారి ఆసుపత్రికి వచ్చిన 54 కుక్కలలో సగము చనిపోయినవి. గంటన్నర దాటిన పిమ్మట చేరినవానికిని, క్రొవ్వు పట్టినవానికిని అపాయము హెచ్చుగా నుండెను.

పరుగులో కూలిన ప్రతికుక్కయు వడదెబ్బ తిన్నదే యనుట సరికాదు. లాబ్రడార్లలో వంశపారంపర్యమైన దౌర్బల్యమొకటి కలదు. అయిదు మొదలు పదునైదు నిమిషములు ఉద్రేకముతో పరుగెత్తిన పిమ్మట వెనుకకాళ్ళు చచ్చుపడి ఈడ్చుకొనును. అరగంటలోపల మామూలుగా లేచును, ఎప్పుడో యొకటి మాత్రము చనిపోవును. డైనమిన్ అను పదార్థమును తయారుచేయు జన్యువునందలి లోపమే దీనికి కారణమని 2008లో కనుగొనిరి. నేడు నెత్తుటి పరీక్షచే తెలిసికొనవచ్చును. అట్టి కుక్కలను ఈతకు ఉంచుకొనరాదు. బక్కపలుచని చుఱుకు కుక్కలు ఆకలికడుపుతో చాలసేపు తిరిగి, నెత్తుటిలోని చక్కెర తగ్గి తూలి పడుటయు కలదు. వానికి చిగుళ్ళపై తేనెగాని చిక్కని బెల్లపు పానకముగాని రాచినచో కొద్దిసేపటికి తేఱుకొనును. పాముకాటు, పురుగుమందు అనుమానములును మన పొలములలో త్రోసివేయదగినవి కావు. కనుపాప చీమతలంత ముడుచుకొని, కండలు అదరుచున్నచో మందు అనుమానింపవలెను. కాని చేయి పెట్టిన మేను కాలుచున్నప్పుడు కారణ విచారణ తరువాతి పని, నీరు ముందు.

నివారణమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. కొత్త వేడికి కుక్క అలవడుటకు రెండు మూడు వారములైనను పట్టును. అంతవరకు పరుగు కొద్దికొద్దిగా పెంచవలెను. ప్రక్కటెముకలు చేతికి తగులునట్లు మేపవలెను. ఉక్కగానున్న దినమున ఉదయమైనను సరే విడువరాదు. పావుగంట కొకమారు నీరు చూపవలెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 2024లో ఒక తేలికయుపాయము ప్రకటించిరి. తెలివితోనున్న కుక్క తనంతట తాను నీటిలో తల ముంచునట్లు ముందే నేర్పినచో, పరుగు పిమ్మట మెడకు తడితువాలు చుట్టుటకంటెను, మంచు పెట్టుటకంటెను త్వరగా చల్లబడుచున్నదట. నీటి అడుగున తినుబండారము వేసి ఆటగా నేర్పవచ్చును.

మా సభ్యుడు మొన్న శ్రావణమాసమున మరల ఒక రాజపాళయపు పిల్లను తెచ్చుకొనెను. పంపుషెడ్డు ప్రక్కన సిమెంటు తొట్టి కట్టించి, దినమును దానిలో కోడిగ్రుడ్డు ముక్కలు వేయుచున్నాడు. మేము పోయిన ఆదివారము చూచునప్పటికి అది కన్నులవరకు ముంచి, చెవులు విదలించి, మా పంచెలు తడిపినది.