తరిమెన పట్టబోవు క్రొత్తవారికి

కృష్ణపట్నము రేవునకు పోవు దారిలో సరుగుడు తోటలు చూడనివారుండరు. ఆ కొయ్య పొయ్యిలోనికిని, పందిళ్లకును పనికివచ్చునని పిల్లలకు సైతము తెలియును. దానితో గిన్నె చేయవచ్చునని మాకు తోచినది. చిన్న లేతు యంత్ర మొకటి కొంటిమి. పుస్తక మొకటి చదివితిమి. అప్పుడే నరికిన మొద్దును బిగించి తిప్పితిమి. సాయంకాలమునకు గిన్నె సిద్ధమైనది, ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. నాలుగవనాడు ఉదయము చూతుముగదా, అది అంచు మొదలు అడుగువరకు విచ్చి, చిటికెనవ్రేలు దూరునంత సందు ఏర్పడి యున్నది.

దోషము సరుగుడుది కాదు. చెట్టు బ్రతికియున్నంతకాలము కొయ్యనిండ నీరుండును. నరికిన పిదప ఆ నీరు మెల్లగ ఆరును. ఆరినకొలది కొయ్య కుదించుకొనిపోవును. అయితే అన్ని దిక్కులకును ఒకే తీరున కుదించుకొనదు. మొద్దును అడ్డముగ కోసి చూచినచో నడుమ బెండు, దాని చుట్టు వలయములు కనుపించును గదా. బెండు నుండి బెరడు వైపునకు కలుగు కుదింపు కంటె, వలయముల వెంట చుట్టును కలుగు కుదింపు ఇంచుమించు రెట్టింపు. నిలువు పొడుగున కుదింపు లెక్కకు రానంత స్వల్పము. చుట్టుకొలత త్వరగ తగ్గుచు, లోపలి మేర అంతగా తగ్గకున్నప్పుడు కొయ్యకు విచ్చుటకన్న వేరు గతి లేదు. మేము బెండును గిన్నె నడుమనే ఉంచి తిప్పితిమి!

చేయవలసిన పద్ధతి యిది. మొద్దును బెండు మీదుగ నిలువున రెండు బద్దలుగ చీల్చి, బెండు భాగమును చెక్కివేసి, ఒక్కొక్క బద్ద నుండి ఒక్కొక్క గిన్నె తీయవలెను. నీరు కోసిన తలల నుండియే వేగముగ పోవును గనుక అక్కడ మైనముగాని రంగుగాని పూయవలెను. పచ్చిగా నున్నప్పుడు ముతకగ మాత్రమే తిప్పి, అంచు మందమును వ్యాసములో పదవవంతు ఉంచవలెను. పది అంగుళముల గిన్నెకు ఒక అంగుళమన్నమాట. దానిని కొన్ని నెలలు నీడలో ఆరనిచ్చినచో కొంత వంకరపోవును. అప్పుడు రెండవమారు తిప్పి గుండ్రము చేయవలెను. ఇదియంతయు మేము చదివిన పుస్తకమున ఉన్నదే. గిన్నె చూడవలెనను ఆత్రమున ఆ పుటలు దాటిపోతిమి.

పగిలిన గిన్నెను సంచిలో వేసికొని నెల్లూరిలో మంచపుకోళ్లు తిప్పు ఒక పెద్దాయన కడకు పోతిమి. చూపుటకు సిగ్గుపడి చాలసేపు సంచి విప్పకుంటిమి. ఆయన దానిని త్రిప్పి చూచి, పగులును విడిచిపెట్టి లోపలి గీతలను వ్రేలితో తడవి, “అబ్బయా, పగులు కొయ్య చేసింది. ఈ గీతలు నీ చెయ్యి చేసింది,” అనెను. పిదప మా చేతికి ఉలి ఇచ్చి, తాను వెనుక నిలిచి, “ముందు ఉలి మడమ కొయ్యకు ఆననీ. ఆనినాక పిడి పైకెత్తు. అంచు దానంతట అదే తెగకోస్తది,” అనెను. అంచునకు వెనుకనున్న ఏటవాలు భాగమునే ఆయన మడమ యనుచున్నాడు. ఉలిని మొదట ఆధారపుకమ్మి మీద నిలుపుట, తరువాత మడమను ఆనించుట, ఆపైని కోయుట: ఈ వరుస తప్పినచో అంచు కొయ్యలో కూరుకొనిపోయి పనిముక్క ఎగిరిపడును. పుస్తకము పది మారులు చదివినను రానిది ఆ పూట వచ్చినది.

ఈ పని మన భాషకు క్రొత్త కాదు. తరిమెన యనునది మన పాతమాటయే. మజ్జిగ చిలుకు కవ్వము, అప్పడాల కర్ర, పిల్లల బొంగరము, పట్టెమంచపు కోళ్లు తరిమెన మీదనే పుట్టినవి. ఐగుప్తదేశమున పెటోసిరిస్ అను నాతని సమాధిలో, క్రీస్తు పూర్వము 300 ప్రాంతపు చిత్రమున, ఒకడు తాడు లాగుచుండ మరియొకడు ఉలి పట్టుట కానవచ్చుచున్నది. తాడు ముందుకును వెనుకకును ఆడుటచే, ఉలి ఒక వైపు తిరుగునప్పుడే కోయును, మరలునప్పుడు ఊరకుండవలెను. ఎడతెగక తిరుగు చక్రము అమర్చిన పిదపనే కొయ్య ఆగక ఒకే దిక్కున తిరిగినది.

మన నెల్లూరు జిల్లాలో కొయ్యపని యనగానే ఉదయగిరి చెంచాలు, గరిటెలు తలపునకు వచ్చును. అవి ప్రధానముగ రంపముతోను ఆకురాతితోను చేతిమీద తీర్చినవి. తరిమెనపనికి తెలుగునాట పేరుపొందినది వరాహనది ఒడ్డున నున్న ఏటికొప్పాక. మనము చిన్ననాడు ఆడుకొనిన లక్కపిడతలు అటువంటి పనియే. అక్కడి వారు అంకుడు కొయ్యను తిప్పి, అది తిరుగుచుండగనే రంగుకలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు అంటుకొనును. మొగలిరేకుతో అదిమినచో అద్దమువలె మెరయును. కుంచె లేదు, ఆరబెట్టు పని లేదు. పసుపు, జాఫ్రాగింజలు, నీలి మున్నగు వానినుండి రంగులు తీయు పద్ధతిని మరల నిలబెట్టినవారిలో శ్రీ సి.వి. రాజుగారు ముఖ్యులు, వారికి 2023లో పద్మశ్రీ లభించినది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్రదినమున ఢిల్లీలో మన రాష్ట్రశకటము ఈ బొమ్మలతోనే నడచినది.

అయితే అంకుడు కొయ్య కొరత ఆ కళాకారులను బాధించుచున్నది. కనుక మావంటి వేడుకపనివారు అంకుడునకై ఎగబడరాదని మా అభిప్రాయము. వారికది కూడు, మనకు కాలక్షేపము.

ఏటికొప్పాకలో పిల్లవాడు తండ్రి ప్రక్క కూర్చుండి నేర్చుకొనును. తండ్రి తరిమెన పట్టనివానికి ఆ పీట ఎవరు వేయుదురు? పడమటి దేశములలో ఈ చిక్కు తీర్చుటకే సంఘములు పుట్టినవి. అమెరికాలో 1986లోను, ఇంగ్లండులో 1987లోను వేడుకపనివారును వృత్తిపనివారును కలసి దేశవ్యాప్త సంఘములు స్థాపించుకొనిరి. వీనికి ఊరూర శాఖలు కలవు. కూడిక నాడు ప్రతివాడును తన పని తెచ్చి బల్లమీద పెట్టును. పగిలినది, ఎగిరిపడినది సైతము తెచ్చును. ఏమి కొయ్య, ఎంత ఆరినది, ఎక్కడ చెయ్యి తప్పినది యని చెప్పును. అనుభవజ్ఞులు లోపము చూపుదురు. మా పగిలిన గిన్నెను నెల్లూరులో దాచుకొని యుండినచో మడమ మాట మాకు తెలియకపోయెడిది. పెద్ద సంఘమే కానక్కరలేదు. పొరుగున తరిమెన తెలిసినవా డొకడు, నేర్చుకొనువారు ఇద్దరు ఉన్న చాలును. వట్టిచేతులతో మాత్రము పోరాదు. ఏదో యొకటి చేసి, చెడగొట్టియైన తీసికొనిపోవలెను.

ఇక ప్రాణముతో కూడిన మాటలు. పైటకొంగు, ఉత్తరీయము, వ్రేలాడు చేతులచొక్కా, గాజులు, చేతితొడుగులు, విరబోసిన జుట్టు యంత్రము దరికి పోరాదు. ముఖమంతయు కప్పు కవచము తప్పదు. కంటి అద్దములు చాలవు. కొయ్యపొడి ఊపిరికి చెరుపు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనసంస్థ 1995లోనే దానిని క్యాన్సర్ కారకములలో చేర్చినది; కనుక గరుకు కాగితము పట్టునప్పుడు ముక్కుకు ముసుగు ఉండవలెను. వేగమునకు ఒక లెక్క యున్నది. పనిముక్క వ్యాసమును అంగుళములలో కొలిచి, నిమిషమునకు తిరుగు చుట్లతో గుణింపవలెను. ఫలము 6,000కును 9,000కును నడుమ ఉండవలెను. ఆరంగుళముల ముక్కకు 1,000 మొదలు 1,500 చుట్లు. పన్నెండంగుళములకు అందులో సగము. ముక్క ఇంకను గుండ్రము కానప్పుడు ఈ లెక్కకన్న తక్కువ వేగముతోనే మొదలుపెట్టి, ప్రక్కకు తొలగి నిలుచుండి మీట నొక్కవలెను. చూచుటకు వచ్చిన పిల్లలను యంత్రమునకు ఎదుట నిలువనీయరాదు. పనిముక్క ఊడినచో పోవునది ఆ దిక్కునకే.

కొయ్య మాటకు మరల వత్తము. మన తీరమున సర్కారుతుమ్మను తిట్టనివారు లేరు. చేలనిండ అల్లుకొని ముండ్లు గ్రుచ్చు చెట్టది. దాని దాయాదియైన మెస్క్వీటు చెట్టును అమెరికాలో టెక్సాసు తరిమెనపనివారు వెదకి తెచ్చుకొందురు. కారణము, ఆరునప్పుడు అది చాల తక్కువ కుదించుకొనును. రెండు దిక్కులకును కుదింపులో తేడా యించుకయే. సరుగుడుతో చెడిన మేము ఇప్పుడు ఈ కొయ్యను పట్టితిమి. ఊరికి అడ్డమని కొట్టివేసిన చెట్టుదే మొదలు, ఖర్చు ముండ్ల బాధ మాత్రమే.

ముతకగ తిప్పిన రెండవ గిన్నె మా ఇంట అటకమీద నీడన ఉన్నది. ప్రతి ఆదివారము దానిని వంటింటి త్రాసులో తూచి బరువు గోడమీద వ్రాయుచున్నాము. మొదటి వారములలో బరువు గబగబ తగ్గినది, ఇప్పుడు నెమ్మదించినది. వరుసగ కొన్ని వారములు అంకె మారకున్నప్పుడు దానిని తరిమెన మీదికి ఎక్కింతుము.