ధైర్యం చెప్పడం సరే, దారి మాటేమిటి?

కష్టంలో ఉన్న మనిషిని పలకరించడానికి వెళ్లినప్పుడు మన నోట వచ్చే మాటలు దాదాపు ఒకటే. "ధైర్యంగా ఉండు." "అంతా మన మంచికే." "పైవాడు చూస్తూనే ఉంటాడు." ప్రేమ లేక కాదు, ఇంకేమనాలో తోచక అంటాం. అవతలి మనిషీ తలూపుతాడు. మనం గడప దాటాక మాత్రం ఉద్యోగం పోయిన మనిషికి వచ్చే నెల అద్దె అలాగే ఉంటుంది. పంట మునిగిన రైతుకు అప్పు అలాగే ఉంటుంది. ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైతే వారంలో రెండు మూడుసార్లు ఆస్పత్రికి తిరగక తప్పదు.

అయినా అలాంటి రోజుల్లోనే కొందరు మెల్లగా కూడదీసుకుని నిలబడతారు. వాళ్ల గుండె పుట్టుకతోనే గట్టిదా? లేక వాళ్లు చేసేది మనమూ నేర్చుకోగలిగిందేనా? మనస్తత్వ శాస్త్రవేత్తలు యాభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న వెంట పడుతున్నారు. వాళ్లు తేల్చినదాన్ని బట్టి చూస్తే, ఆశలో కూర్చుని నమ్మే పాలు తక్కువ, లేచి వెతికే పాలు ఎక్కువ. వెతకడం నేర్చుకోవచ్చు, నేర్పవచ్చు కూడా.

ముడుచుకుపోవడం తప్పు కాదు

1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు యువ పరిశోధకులు కుక్కల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. ఈ రోజుల్లో దాని గురించి చదివితే మనసు చివుక్కుమంటుంది. కొన్ని కుక్కలకు కరెంటు షాకు ఇచ్చారు, కానీ తలతో ఒక పలకను నొక్కితే షాకు ఆగిపోయేది. మరికొన్నింటికి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత అన్నింటినీ మధ్యలో పొట్టి అడ్డుగోడ ఉన్న పెట్టెల్లో పెట్టారు. గోడ దూకితే షాకు తప్పుతుంది. మొదటి రకం కుక్కలు దూకేశాయి. రెండో రకంలో చాలావరకు దూకే ప్రయత్నమే చేయకుండా మూలుగుతూ పడి ఉన్నాయి. ఎంత చేసినా లాభం లేదని అవి నేర్చుకున్నాయని అప్పట్లో వివరించారు. 'నేర్చుకున్న నిస్సహాయత' అన్న పేరు అలా వచ్చింది.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ వివరణ తలకిందులుగా ఉందని స్వయంగా రాశారు. మెదడు మీద మేయర్ చేసిన పరిశోధనలే దానికి ఆధారం. ఎడతెగని బాధలో ప్రాణి ముడుచుకుపోవడం దానంతట అదే వచ్చే స్పందన, దాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవాల్సింది దానికి విరుగుడును. నేను చేసిన పని వల్ల ఎంతో కొంత మారింది అనే అనుభవం కలిగితే, మెదడు ముందుభాగం ఆ ముడుచుకుపోయే స్పందనకు కళ్లెం వేస్తుంది. ఒకసారి ఆ అనుభవం దక్కితే తర్వాత వచ్చే దెబ్బలకూ అది కొంత కాపు కాస్తుంది.

దెబ్బ తగిలిన కొత్తలో మంచం దిగబుద్ధి కాకపోవడం, ఫోన్ ఎత్తలేకపోవడం పిరికితనం కాదన్నమాట. ఒళ్లు, మెదడు సహజంగా చేసే పనే అది. బయటపడటానికి మొదటి మెట్టుగా పెద్ద ఘనకార్యమూ అక్కర్లేదు. తన చేతిమీదుగా జరిగి, ఫలితం కళ్లకు కనిపించే చిన్న పని ఒక్కటి చాలు.

ఆశలో ఏముంటుంది?

కేన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి.ఆర్. స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల మొదట్లో ఆశను విడదీసి చూశారు. ఆయన లెక్కలో అది మూడింటి కలయిక. ఎక్కడికి చేరాలో తెలియడం ఒకటి. అక్కడికి చేరే దారులు ఒకటికి రెండు వెతకగలగడం మరొకటి. ఆ దారిలో నడవగలనన్న పూనిక మూడోది. పూనిక ఉండి దారి తెలియని మనిషి గోడకు తల కొట్టుకుంటాడు. దారులన్నీ తెలిసీ పూనిక లేని మనిషి గడపలోనే కూర్చుంటాడు.

మనం ధైర్యం చెప్పినప్పుడల్లా పట్టించుకునేది మూడోదాన్నే. నిజానికి పూనిక చాలాసార్లు దారి కనిపించాకే వస్తుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది.

రాజమండ్రి అమ్మాయి, మధురై జైలు

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పదిహేనేళ్ల వయసులో ఆ బంధం నుంచి బయటికి వచ్చారు. పన్నెండేళ్లప్పుడే ఇంగ్లిషు చదువు వద్దని బడి మానేసి, ఊళ్లో ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల నడిపారు. 1930 నుంచి 1933 మధ్య ఉప్పు సత్యాగ్రహం, ఆ తర్వాతి ఉద్యమాల్లో మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధురై జైల్లో ఏడాదిపాటు ఒంటరి గదిలో ఉంచారు. పక్క గదుల్లో ఉరిశిక్ష పడ్డ ఖైదీలు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

బయటికి వచ్చేనాటికి ఆమె పరిస్థితి ఏమిటో చూడండి. పాతికేళ్లు నిండవస్తున్నాయి. సంసారం లేదు, డిగ్రీ లేదు, ఒంట్లో సత్తువ లేదు. ఉద్యమంలో మునుపటిలా తిరగగలిగే స్థితి లేదు. అయితే జైల్లో ఆమె కొందరు మహిళా ఖైదీలను చూశారు. చట్టం తెలియక, తరఫున మాట్లాడే దిక్కు లేక శిక్ష అనుభవిస్తున్నవాళ్లు వాళ్లు. వాళ్ల కోసం లా చదవాలి అన్నది గమ్యమైంది. స్నైడర్ చెప్పిన మొదటి అంశం అదే.

ఇక దారి. లా చదవాలంటే డిగ్రీ కావాలి, డిగ్రీకి ముందు మెట్రిక్. చిన్నప్పుడు వద్దనుకున్న ఇంగ్లిషును ఇప్పుడు కూర్చుని నేర్చుకోవాలి. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా రాసే వీలు ఇచ్చేది కాబట్టి ఆ దారి పట్టి పాసయ్యారు. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవాలనుకుంటే అక్కడ ఆడవాళ్లకు హాస్టల్ లేదు. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి చేర్చుకోవడానికి వెనకాడింది ఆ కారణంతోనే. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు తనలా ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆమె వెతికారు. ఉన్నారు. వాళ్లందరినీ కలుపుకుని తనే హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. రాజనీతి శాస్త్రంలో పట్టా అందుకున్నారు. 1942 నాటికి మద్రాసు హైకోర్టులో న్యాయవాది అయ్యారు. తర్వాత రాజ్యాంగ సభలో ఉన్న పదిహేనుమంది మహిళల్లో ఒకరయ్యారు.

హాస్టల్ దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. "నీకు తెలివి ఉంది, తప్పకుండా చదవగలవు" అని వందమంది అన్నా ఆ అడ్డంకి కదిలేది కాదు. ఎందుకంటే అడ్డంకి ఆమె మనసులో లేదు, వాల్తేరులో ఆడవాళ్లకు ఒక కప్పు లేకపోవడంలో ఉంది. ఆమె ఒంటరిగానూ దాటలేదు. అదే కష్టంలో ఉన్నవాళ్లు ఆమెకు తోడయ్యారు. ఇంట్లో తల్లి కృష్ణవేణమ్మ, తమ్ముడు నారాయణరావు అండగా నిలబడ్డారు.

అయిదు మార్కులు

అంత పెద్ద జీవితం ఎందుకు, ఇంటి మాట చూద్దాం. తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఒక ఇల్లు ఊహించుకోండి. పిల్లాడు ఫిజిక్స్‌లో ఫెయిల్. నాన్న మాట్లాడటం మానేశాడు. అమ్మ ఏడుస్తోంది. సాయంత్రం మేనమామ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎన్నొచ్చినయ్ రా?"

"పదహారు మామా."

"పాస్‌కెన్ని గావాలె?"

"అరవైకి ఇరవయ్యొకటి."

"అంటె అయిదు తక్కువ. సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరి తారీఖు ఎప్పుడు?"

"చూడలే."

"ఇప్పుడే చూడు. పొద్దుగాల కాలేజీకి పోయి మీ సార్‌ను కలుద్దాం. ఏ చాప్టర్లు చదివితే గట్టెక్కుతవో ఆయన్నే అడుగుదాం."

మామ ధైర్యం మాట ఒక్కటీ అనలేదు. 'ఫెయిల్' అనే కొండను అయిదు మార్కులు, ఒక తారీఖు, ఒక మనిషి దాకా దించాడు. పిల్లాడి చేత ఫోన్‌లో తారీఖు చూపించాడు. ఆ చిన్న పనితోనే తన చేతిలో ఏదో ఉందన్న అనుభవం మళ్లీ మొదలవుతుంది. ఆ రాత్రి ఆ పిల్లాడు ఒంటరిగా ఉండకుండా చూసుకోవడం, అన్నం తినేలా చూడటం ఇంతకంటే ముందు చేయాల్సినవి.

పీటర్ గోల్విట్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో ఇక్కడ పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. "బాగా చదువుతా" అని తీర్మానించుకోవడం కంటే "రాత్రి అన్నం తిన్నాక పాత పేపర్లో రెండు ప్రశ్నలు చేస్తా" అని వేళతో, పనితో ముడివేసి అనుకున్నవాళ్లు ఆ పని నిజంగా చేసే అవకాశం ఎక్కువ. మందులు వేసుకోవడం, వ్యాయామం వంటి పనులకూ ఇది వర్తిస్తుంది.

పగటి కలల సంగతి వేరు. గాబ్రియెల్ ఎట్టింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళలను గమనించారు. సన్నబడ్డాక ఎంత బాగుంటుందో తియ్యగా ఊహించుకుంటూ గడిపినవాళ్లు తక్కువ బరువు తగ్గారు. గెలుపును ఊహలోనే అనుభవించేస్తే కాళ్లకు పని చెప్పే తొందర తగ్గిపోతుంది. కోరికతో పాటు దానికి అడ్డేమిటో కూడా పక్కనే పెట్టుకుని ఆలోచించమంటారు ఆమె.

కష్టం మనిషిని పెంచుతుందా?

"కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయి" అనడం మనకు అలవాటు. ఇందులో సగం నిజం ఉంది. నార్త్ కరోలినాలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హౌన్ పెద్ద విషాదాలు చూసినవాళ్లలో వచ్చే ఎదుగుదలను కొలవడానికి 1996లో 21 అంశాల కొలమానం తయారుచేశారు. మార్పు అయిదు చోట్ల కనిపిస్తుందని చెప్పారు: మనుషులతో దగ్గరితనం, కొత్త అవకాశాలు కనబడటం, తన బలం తనకు తెలియడం, ఆధ్యాత్మిక చింతన, బతుకు విలువ తెలిసిరావడం.

మిగతా సగం కూడా వాళ్లే చెప్పారు. ఎదుగుదల కష్టం వల్ల రాదు, కష్టంతో మనిషి పడే పెనుగులాట వల్ల వస్తుంది. భూకంపంలో కూలిన ఊరిని ఈసారి మరింత గట్టిగా కట్టుకోవడంతో వాళ్లు దాన్ని పోలుస్తారు. అలాగని భూకంపం మంచిదని ఎవరూ అనరు. ఎదిగిన మనిషికి దుఃఖం పోతుందనీ లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పదిమంది పిల్లలకు అండగా నిలబడుతూనే, పుట్టినరోజు నాడు తలుపేసుకుని ఏడవచ్చు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ఎదగనివాళ్లు ఓడిపోయినట్టూ కాదు. కొందరికి కష్టం నుంచి ప్రాణాలతో బయటపడటమే చాలా పెద్ద పని.

ఒంటరి గది వల్ల దుర్గాబాయి గొప్పవారు కాలేదు, అక్కడ ఆరోగ్యం పోగొట్టుకున్నారు. పెనుగులాటలో ఏం నేర్చుకున్నారో తర్వాత చేసిన పనుల్లో కనిపిస్తుంది. మద్రాసులో ఆడపిల్లలకు మెట్రిక్ పాఠాలు చెప్పడంతో మొదలైన చిన్న గుంపు 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలయ్యాక, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీలు తక్కువ కాలంలో మెట్రిక్ దాకా చేరే కోర్సులు 1958లో మొదలుపెట్టించారు. తాను కిందామీదా పడి వెతుక్కున్న దారిని వెనక వచ్చేవాళ్లకు బాటగా వేసిపెట్టారు.

ఆశ సరిపోని చోట

కొన్ని గమ్యాలు వదిలేయాల్సిందే. గ్రూప్స్ కోసం ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన మనిషి వేరే పని చూసుకుంటే ఆశ వదులుకున్నట్టు కాదు, గమ్యం మార్చుకున్నట్టు. అప్పులవాళ్ల వేధింపు, వైద్యం అందకపోవడం, ఇంట్లో హింస వంటివి మనసును సరిచేసుకుంటే పోయేవి కావు. అక్కడ కావాల్సింది చట్టం, డబ్బు, అండ. అలాంటి మనిషికి "పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పడం పుండు మీద కారం చల్లడమే.

రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా మనసు పోకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి ఉపదేశం చాలదు, డాక్టరు కావాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగడం కూడా వద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. సాయం అడగడమూ స్నైడర్ చెప్పిన దారుల్లో ఒకటే.

అందుకే మీకైనా మీవాళ్లకైనా కష్టం వచ్చినప్పుడు ముందు అది ఏ దశలో ఉందో చూడండి. మొదటి రోజుల్లో తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి ఉంటే చాలు, గమ్యాల గురించి మాట్లాడొద్దు. కాస్త తేరుకున్నాక ఫలితం కనిపించే చిన్న పని ఒకటి చేయాలి, చేయించాలి. ఆ తర్వాత అడ్డంకి మనసులో ఉందా, బయట ఉందా అని తేల్చుకోవాలి. బయట ఉంటే అదే అడ్డంకి దగ్గర ఆగిపోయినవాళ్లు ఇంకెవరున్నారో వెతకాలి. ఎదుగుదల గురించి అప్పుడే బెంగ అక్కర్లేదు. వస్తే ఆ పనుల వెంటే వస్తుంది.