మూత్రపిండములు - రక్తమందలి పులుపు



మా టెక్కలికి ఈశాన్యమున, పలాస మొదలుకొని ఇచ్ఛాపురము వఱకు, సముద్రతీరమునఁ గొబ్బరి, జీడితోఁటల నడుమ నున్నది ఉద్దానము. అచ్చటి మూత్రపిండవ్యాధిని గూర్చి మీరందఱు వినియే యుందురు. మూత్రపరీక్ష చీటీలో 'ఆమ్లము' అను మాటను జూచి కొందఱు భయపడుదురు. పులుపు బయటికిఁ బోవుచున్నది గదా యని మఱికొందఱు నిశ్చింతగా నుందురు. రెండును పొరపాటులే.

మనము తినిన యాహారము దేహమునఁ బచనమగునపుడు ఆమ్లములు, అనఁగా పులుపులు, పుట్టును. బొగ్గుపులుసు వాయువును ఊపిరితిత్తులు వెడలించును. గాలిగా మాఱని పులుపు మూత్రపిండములపాలు. పులుపును గొలుచు పి.హెచ్. అను మానమున 7 సమస్థితి. తగ్గినది పులుపు, మించినది క్షారము. రక్తము 7.35, 7.45 నడుమ నిలువవలెను. మూత్రము 4.5 మొదలు 8 వఱకు మాఱవచ్చును. రక్తము మాఱకుండుటకే మూత్రము మాఱును.

విరేచనములు మిక్కిలియైనచో దేహమందలి క్షారము పోయి పులుపు హెచ్చును. అపుడు మూత్రపిండములు పులుపును అధికముగా వెడలించును. వాంతులలోఁ గడుపులోని పులుపు పోయి క్షారము హెచ్చును. ఒంట నీరు, ఉప్పు చాలినంత యున్నచో అవి క్షారమును వెడలించును.

ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల సూక్ష్మనాళములు గలవు. అవి క్షారమును రక్తమునకు మరలఁ జేర్చి, పులుపును మూత్రములోనికి నెట్టును. కాని ఆ పులుపును మోయుటకు బండి కావలెను. నాళములలోఁ బుట్టు అమ్మోనియాయే ముఖ్యమైన బండి. పులుపు హెచ్చినపుడు, ఆరోగ్యవంతునిలోఁ గొన్ని దినములకే ఈ బండ్లు పలు రెట్లగును.

వ్యాధిచే నాళములు నశించిన కొలఁది బండ్లు తగ్గును. అపుడును మూత్రము పుల్లగానే యుండవచ్చును. చింతపండు పులుసు గరిటెడైనను పులుపే, కడవెడైనను పులుపే గదా! పోయిన మొత్తమే ముఖ్యము. పోక మిగిలిన పులుపు ఎముకలలోని సున్నమును గరగించును, కండను క్షీణింపఁజేయును.

ఉద్దానపు వ్యాధికి మూలకారణము ఇదియే యని శాస్త్రజ్ఞు లింకను నిశ్చయింపలేదు. మొదట అది నొప్పి లేకయే ముదురును. కావున మూత్రపరీక్షతోఁ దృప్తిపడక, రక్తమున క్రియాటినిన్, బైకార్బొనేటు అను రెంటిని పరీక్షింపించుకొనవలెను. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీన 200 పడకల మూత్రపిండవైద్యశాల ప్రారంభింపఁబడినది. పులుపు మిగిలినదని తేలినచో వైద్యులు సోడా మాత్రల నిత్తురు. అందును ఉప్పుగుణ ముండుటచే స్వయముగా మ్రింగరాదు.

పొలమున శ్రమించు మీ కుమారులకు ఈ మాట చెప్పుఁడు. పెద్దల మాట వినియైనను వారు పరీక్షకుఁ బోవుదురు.