సీడీ4 పెరిగినా రక్తం తగ్గుతోందా?

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చినవాళ్లు ముందు అడిగేది సీడీ4 ఎంతుందనే. అడగాల్సిందే. ఘనపు మిల్లీమీటరు రక్తంలో 500 నుంచి 1500 దాకా ఉండాల్సిన ఈ రోగనిరోధక కణాలు 200 లోపుకు పడిపోతే టీబీ, న్యుమోనియా మీదపడతాయి. కానీ హిమోగ్లోబిన్ ఎంతో అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అది కూడా అంతే ముఖ్యం.

తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే హెచ్‌ఐవీ రాకముందే సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. ఆపైన వైరస్ ఎముక మూలుగ మీద పడుతుంది. టీబీ తోడైతే ఇంకా క్షీణిస్తుంది.

మందుల వల్ల కూడా రక్తం తగ్గొచ్చు. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. ఎన్నో ఏళ్లు చాలామంది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్న మాత్రల్లో జిడోవుడిన్ ఉండేది. రక్తకణాలు పుట్టే మూలుగనే అది అణచివేయగలదు. అందుకే హిమోగ్లోబిన్ 9 కన్నా తక్కువుంటే ఆ మందు మొదలుపెట్టరు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒక్క టీఎల్‌డీ మాత్ర, అందులో జిడోవుడిన్ లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లలో, మొదటి మందు పనిచేయనివాళ్లలో కొందరికి మాత్రం జిడోవుడిన్ ఇంకా రాస్తున్నారు.

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇంకో చిక్కుంది. గోండు, కోలాం కుటుంబాల్లో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు కనిపిస్తుంది. ఐరన్ మాత్రలతో అది నయం కాదు. రక్తం తక్కువని తేలగానే ఐరన్ చేతిలో పెట్టి పంపడం కాకుండా, సికిల్‌సెల్ పరీక్ష కూడా చేయించాలి.

వానాకాలం డెంగీ వల్ల ప్లేట్‌లెట్ల లెక్క కరీంనగర్‌లో ఇంటింటికీ తెలుసు. అవి 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండాలి. డెంగీ లేకుండానే తగ్గితే, చిగుళ్ల నుంచి రక్తం కారితే, కారణం హెచ్‌ఐవీ కూడా కావచ్చు. మందులు సరిగ్గా వాడితే చాలామందికి మళ్లీ పెరుగుతాయి.

రక్తం తక్కువున్నవాళ్లకు డాక్టర్ కింది కనురెప్ప లాగి చూస్తే లోపలి ఎరుపు పాలిపోయి ఉంటుంది. కానీ హిమోగ్లోబిన్ 1 తగ్గిందా, 3 తగ్గిందా అన్నది కంటికి తెలియదు. ఊదారంగు మూత సీసాలో తీసే రెండు మిల్లీలీటర్ల రక్తమే చెబుతుంది.

మెట్లెక్కితే ఆయాసం వస్తే, గుండె దడదడలాడితే, సొంతంగా మందు మానకండి. మానితే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఈసారి సెంటర్‌కు వెళ్లినప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లి, సీడీ4తో పాటు హిమోగ్లోబిన్ కూడా అడగండి. సందేహముంటే ఉచిత నంబర్ 1097కు ఫోన్ చేయండి.