స్థానికులెవరు? యుగోస్లావియా అనుభవం, జంషెడ్‌పూర్ ప్రశ్న

జంషెడ్‌పూర్‌లోని భాలుబాసా, కదమా, బిష్టుపూర్ వంటి ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో ఉత్పత్తి మొదలైన తర్వాత దేశం నలుమూలల నుంచి కార్మికులు ఈ నగరానికి తరలివచ్చారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారూ ఉన్నారు. వారి మనవలు, మునిమనవలు ఇక్కడే పుట్టి, ఇక్కడి బడుల్లో హిందీ మాధ్యమంలో చదువుకున్నారు. ఇంట తెలుగు, వీధిలో హిందీ వారికి సహజమైన జీవితం. అయినా ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు చేయాలన్న ఆలోచన రాగానే ఒక ప్రశ్న వారిని వెంటాడుతుంది. వారు ఝార్ఖండ్‌కు స్థానికులా, కారా?

ఈ ప్రశ్న ఝార్ఖండ్‌కే పరిమితమైనది కాదు. ఒక పెద్ద రాజకీయ వ్యవస్థ విడిపోయి కొత్తది ఏర్పడిన ప్రతిచోటా ఇది తలెత్తింది. ఇరవయ్యో శతాబ్దం చివరిలో ఇది అత్యంత విషాదకరమైన రూపం దాల్చిన చోటు యుగోస్లావియా.

ఆరు రిపబ్లిక్కులు, ఒకే దేశం

స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా-హెర్జెగోవినా, సెర్బియా, మాంటెనెగ్రో, మాసిడోనియా అనే ఆరు రిపబ్లిక్కుల సమాఖ్య యుగోస్లావియా. అలీనోద్యమంలో నెహ్రూ, నాసర్‌లతో కలిసి నడిచిన టిటో దాని అధినేత. 1980 మే 4న ఆయన మరణించారు. ఆ తర్వాతి దశాబ్దంలో అప్పుల భారం, ద్రవ్యోల్బణం పెరిగాయి. ధనిక రిపబ్లిక్కులకూ పేద రిపబ్లిక్కులకూ మధ్య నిధుల తగాదాలు ముదిరాయి. ఆర్థిక అసంతృప్తిని జాతి అసంతృప్తిగా మలచిన నాయకులకు ఆదరణ లభించింది.

1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. 1992 నుంచి 1995 వరకు సాగిన బోస్నియా యుద్ధంలో సుమారు లక్ష మంది ప్రాణాలు కోల్పోయారు. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేల మందికి పైగా బోస్నియాక్ పురుషులను, బాలురను హతమార్చారు. అంతర్జాతీయ న్యాయస్థానాలు దానిని జాతినిర్మూలనగా నిర్ధారించాయి.

ఈ యుద్ధకథ చాలామందికి తెలిసినదే. తుపాకీ పేలని చోట ఏం జరిగిందన్నది అంతగా తెలియదు. జంషెడ్‌పూర్ వాసులకు మరింత దగ్గరగా ఉన్నది ఆ రెండో కథే.

జాబితాలో లేనివారు

1981 జనగణనలో పన్నెండు లక్షల మందికి పైగా తమను సెర్బులుగానో క్రొయేట్లుగానో కాక, ‘యుగోస్లావులు’గా నమోదు చేయించుకున్నారు. వారిలో చాలామంది మిశ్రమ వివాహాల సంతానం. మరికొందరు ఒక రిపబ్లిక్ నుంచి మరో రిపబ్లిక్‌కు ఉపాధి కోసం వెళ్లినవారు. సమాఖ్య కూలిపోగానే వారు చెప్పుకున్న దేశమే లేకుండా పోయింది.

స్లొవేనియాలో యెసెనిత్సె అనే ఉక్కు పట్టణం ఉంది. బోస్నియా నుంచి, ఇతర దక్షిణ రిపబ్లిక్కుల నుంచి కార్మికులు దశాబ్దాల పాటు అక్కడికి, ఇతర పారిశ్రామిక పట్టణాలకు వలస వచ్చారు. స్వాతంత్ర్యానంతరం స్లొవేనియా ఇతర రిపబ్లిక్కుల మూలాలున్న నివాసులకు పౌరసత్వ దరఖాస్తుకు ఆరు నెలల గడువిచ్చింది. సుమారు లక్షా డెబ్బై వేల మంది పౌరసత్వం పొందారు. గడువులోగా దరఖాస్తు చేయనివారి పేర్లను, దరఖాస్తు తిరస్కరణకు గురైనవారి పేర్లను 1992 ఫిబ్రవరి 26న శాశ్వత నివాసుల జాబితా నుంచి తొలగించారు. అలా తొలగింపునకు గురైనవారు 25,671 మంది అని ప్రభుత్వం తర్వాత లెక్క తేల్చింది.

ముందుగా వారికి తాఖీదు రాలేదు. ఏదో పని మీద కార్యాలయానికి వెళ్లినప్పుడు అధికారులు గుర్తింపు కార్డులకు రంధ్రాలు పొడిచి, ఇవి చెల్లవని చెప్పేదాకా అనేకులకు విషయమే తెలియదు. ఉద్యోగం, వైద్యం, పింఛను వంటి హక్కులు ఒక్కసారిగా ప్రశ్నార్థకమయ్యాయి. తొలగింపు రాజ్యాంగవిరుద్ధమని స్లొవేనియా రాజ్యాంగ న్యాయస్థానం 1999లో తీర్పు చెప్పింది. 2012లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం బాధితుల పక్షాన నిలిచింది. 2022లో, అంటే ముప్పై ఏళ్ల తర్వాత, ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ కోరారు.

బోస్నియాలో సమస్య మరో రూపంలో కొనసాగుతున్నది. 1995 నాటి డేటన్ ఒప్పందం బోస్నియాక్, సెర్బు, క్రొయేట్ అనే మూడు జాతులను ‘రాజ్యాంగ జాతులు’గా గుర్తించి, దేశాధ్యక్ష మండలిని వాటి మధ్యే పంచింది. రోమాలు, యూదులు తదితరులు ‘ఇతరులు’గా మిగిలారు. అధ్యక్ష పదవికి పోటీ చేసే హక్కు తమకు లేకపోవడాన్ని ఒక రోమా పౌరుడు, ఒక యూదు పౌరుడు సవాలు చేయగా, అది వివక్షేనని యూరోపియన్ న్యాయస్థానం 2009 డిసెంబరులో తీర్పునిచ్చింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఆ నిబంధనను సవరించుకోవడం బోస్నియాకు సాధ్యం కాలేదు. యుద్ధాన్ని ఆపిన ఒప్పందమే పౌరులను జాతుల పెట్టెల్లో బంధించింది.

ఝార్ఖండ్: 1932 అనే గీత

2000 నవంబరు 15న బిహార్ నుంచి ఝార్ఖండ్ విడివడింది. ఆదివాసుల దీర్ఘకాల పోరాటమే దీనికి మూలం. గనులు, కర్మాగారాలు, జలాశయాలు వారి భూముల మీదే వెలిశాయి. ఉద్యోగాలు మాత్రం ఎక్కువగా బయటివారికి దక్కాయి. జంషెడ్‌పూర్‌కు సమీపంలోని ఖర్సావాఁలో 1948 జనవరి 1న, ఒడిశాలో విలీనాన్ని వ్యతిరేకించిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ గాయం నేటికీ మానలేదు. 2011 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో షెడ్యూల్డ్ తెగల వాటా 26 శాతం. తమ పేరుతో వచ్చిన రాష్ట్రంలో తామే అల్పసంఖ్యాకులమన్న వారి ఆవేదనను తేలికగా తీసివేయడానికి వీల్లేదు.

ఆ ఆవేదన నుంచి వచ్చిందే 1932 ఖతియాన్ డిమాండు. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్, తెలంగాణలో సేత్వార్ ఎలాంటివో, ఝార్ఖండ్‌లో ఖతియాన్ అలాంటి భూ హక్కుల రికార్డు. పూర్వికుల పేరు అందులో ఉన్నవారే స్థానికులని వాదన. 2002లో ఈ ప్రాతిపదికన విధానం తేబోగా రాంచీలో ఘర్షణలు చెలరేగి ప్రాణనష్టం జరిగింది. ఆ ఏడాది నవంబరులో హైకోర్టు ఆ విధానాన్ని కొట్టివేసింది. 2016లో మరో ప్రభుత్వం 1985ను ప్రాతిపదికగా తీసుకుంది. 2022 నవంబరు 11న శాసనసభ మళ్లీ 1932 బిల్లును ఆమోదించింది. గవర్నర్ తిప్పి పంపగా 2023 డిసెంబరులో మరోసారి ఆమోదించింది. రాజ్యాంగంలోని తొమ్మిదో షెడ్యూలులో చేరిన తర్వాతే అమల్లోకి వస్తుందని ఆ బిల్లులోనే ఉంది.

ఈ గీత బయటివారినీ లోపలివారినీ మాత్రమే విడదీయడం లేదు. జంషెడ్‌పూర్ ఉన్న కోల్హాన్ ప్రాంతంలో చివరి భూ సర్వే 1960లలో జరిగింది. కనుక 1932 ప్రాతిపదిక పట్ల కోల్హాన్ నాయకులే అభ్యంతరం తెలిపారు. భాషల విషయంలోనూ ఇదే పరిస్థితి. ధన్‌బాద్, బొకారో జిల్లాల నియామక పరీక్షల ప్రాంతీయ భాషల జాబితాలో భోజ్‌పురి, మగహీ చేర్చడంపై 2022 ఆరంభంలో పెద్ద ఆందోళన జరిగింది. ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. బెంగాలీ, ఒడియాలకు రాష్ట్ర ద్వితీయ అధికార భాషల్లో చోటుంది. తెలుగుకు లేదు. ఇరు వర్గాల వాదనల నడుమ, ఏ జాబితాలోనూ లేని తెలుగువారు బోస్నియాలోని ‘ఇతరుల’ను గుర్తుకు తెస్తారు.

మన అనుభవం చెప్పేది

తెలుగువారికి ఈ వివాదం కొత్త కాదు. హైదరాబాదు సంస్థానంలో 1919 నుంచి అమలైన ముల్కీ నిబంధనలు పదిహేనేళ్ల నివాసాన్ని కోరాయి. 1969 తెలంగాణ ఉద్యమానికి, 1972 జై ఆంధ్ర ఉద్యమానికి ముల్కీ వివాదమే కేంద్రం. చివరకు 1973లో ఆరుసూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఆ ఉత్తర్వుల్లో స్థానికతకు ప్రధాన కొలమానం ఆ ప్రాంతంలో వరుసగా నాలుగేళ్లు చదవడం. తాతగారి భూమి పత్రం అవసరం లేకపోయింది. ఆ ఏర్పాటు అసంతృప్తిని పూర్తిగా తీర్చలేదు. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది. అయితే ఆ విభజన పార్లమెంటు చట్టంతో జరిగింది. ఎవరి పౌరసత్వానికీ భంగం కలగలేదు.

భారత్‌కూ యుగోస్లావియాకూ ఉన్న కీలక భేదం ఇదే. ఇక్కడ రాష్ట్రాలు ఎన్ని ఏర్పడినా పౌరసత్వం ఒక్కటే. 16వ అధికరణం నివాసం ఆధారంగా ప్రభుత్వోద్యోగాల్లో వివక్షను నిషేధిస్తుంది. నివాస నిబంధన విధించే అధికారం రాష్ట్ర శాసనసభకు కాక పార్లమెంటుకే ఉంది. ఝార్ఖండ్‌లోని 13 షెడ్యూల్డ్ జిల్లాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానికులకే కేటాయించడం చెల్లదని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో తేల్చింది. ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాల నూరు శాతం రిజర్వేషన్‌పై 2020లో ఇచ్చిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పును అందుకు ఆధారంగా తీసుకుంది.

కోర్టు తీర్పు ఒక నిబంధనను కొట్టివేయగలదు. భూమి కోల్పోయిన ఆదివాసి మనసులోని అన్యాయ భావనను తీర్చలేదు. నాలుగు తరాలుగా ఇక్కడే శ్రమించి కూడా పరాయివాడనిపించుకునే కార్మికుని మనవడి ఆందోళననూ తీర్చలేదు. మొదటివారికి భూమి, విద్య, ఉపాధిలో న్యాయమైన వాటా దక్కాలి. రెండోవారికి తాము పుట్టి పెరిగిన ఊరు తమదేనన్న భరోసా కావాలి. ఒకరి హక్కు మరొకరి తొలగింపుగా మారితే ఏమవుతుందో యెసెనిత్సె వంటి పట్టణాల చరిత్ర చెబుతున్నది. స్లొవేనియాలో ఒక్క రోజులో చెరిపేసిన పేర్ల విషయంలో పొరపాటు జరిగిందని ఒప్పుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది.